ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్ సమీక్ష: తేదీ దొరుకుతుంది, దాని పక్కనున్న మాట సంగతేమిటి?

జిల్లా కోర్టుల్లోనో, వాటి కింది కోర్టుల్లోనో, హైకోర్టులోనో కేసున్న ప్రతి ఒక్కరి ఫోన్‌లోనూ ఉండాల్సిన యాప్ ఇది. సుప్రీంకోర్టు ఈ-కమిటీ ఆధ్వర్యంలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ తయారు చేసింది. పైసా ఖర్చు లేదు. ఇలాంటి పేర్లతోనే ప్రైవేటు యాప్‌లు కూడా ఉన్నాయి కాబట్టి తయారీదారు పేరు చూసుకుని మరీ దించుకోవాలి. వాయిదా ఎప్పుడో తెలుసుకోవడానికి ప్లీడరు గుమాస్తాకు పదిసార్లు ఫోన్ చేసే అవసరాన్ని ఈ యాప్ నిజంగానే తీసేసింది. ఆ మేరకు మెచ్చుకోవాల్సిందే.

చిక్కల్లా తేదీ పక్కన ఇంగ్లిషులో కనిపించే మాటతోనే. ‘స్టెప్స్’, ‘కాల్ ఆన్’, ‘సెట్ ఎక్స్‌పార్టీ’, ‘డిస్పోజ్డ్’ అని ఉంటుంది. దానికి అర్థమేమిటో, అది చూశాక ఏం చెయ్యాలో యాప్ చెప్పదు. ఇందులో కొన్ని మాటల వెనకున్న ఉత్తర్వు పడిన రోజు నుంచే గడువు లెక్క మొదలవుతుంది. అందుకే ఈ సమీక్షలో యాప్ మీటల కంటే అది చూపించే మాటల గురించే ఎక్కువ ఉంటుంది.

వెతకడం దగ్గర మొదలుపెడదాం. ప్రతి కేసుకూ సీఎన్ఆర్ అని 16 అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు ఉంటుంది. మొదటి రెండు అక్షరాలు రాష్ట్రానివి, తర్వాతి రెండు జిల్లావి, ఆపై రెండు ఆ కోర్టువి, ఆరంకెలు వరుస సంఖ్య, చివరి నాలుగు సంవత్సరం. ఆ ఆరంకెలనే కేసు నంబరనుకోవడం అందరూ చేసే పొరపాటు. ఓ.ఎస్. 45/2021 లాంటి కేసు నంబరు వేరు, సీఎన్ఆర్‌లోని వరుస సంఖ్య వేరు. అప్పీలుకు వెళితే కొత్త సీఎన్ఆర్ వస్తుంది, పాతదాని కింద అప్పీలు వాయిదాలు కనిపించవు.

సీఎన్ఆర్ తెలియకపోతే పార్టీ పేరుతో వెతకొచ్చు. కనీసం మూడక్షరాలు, కేసు రిజిస్టరైన సంవత్సరం ఇవ్వాలి. కాగితాలు దాఖలు చేసిన సంవత్సరం ఇస్తే ఒక్కోసారి ఏమీ రాదు, ఎందుకంటే డిసెంబరులో దాఖలై, అభ్యంతరాలతో వెనక్కి వచ్చి, మళ్లీ సమర్పించాక జనవరిలో నంబరైన దావా కొత్త సంవత్సరం కిందే ఉంటుంది. మన పేర్ల ఇంగ్లిషు స్పెల్లింగులతో ఇంకో తంటా. వెంకటేశ్వర్లును నాలుగైదు రకాలుగా రాస్తారు, లక్ష్మికి రెండు రకాలున్నాయి. పూర్తి పేరు కొట్టకుండా మొదటి నాలుగైదు అక్షరాలతో వెతికి, జాబితాలోంచి ఎంచుకోవడం మేలు. పెండింగ్, డిస్పోజ్డ్, రెండూ అని మూడు ఎంపికలుంటాయి, ‘రెండూ’ పెట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినా, కోర్టు కేసులను ముందు పాత ఉమ్మడి జిల్లా పేరు కింద వెతకాలి. విజయవాడ కేసైతే కృష్ణాలో చూడాలి.

క్రిమినల్ కేసులో పోలీస్ స్టేషన్ ఇచ్చే క్రైమ్ నంబరు ఒకటి, చార్జిషీటు కోర్టులో తీసుకున్నాక పడే సి.సి. నంబరు ఇంకొకటి. చేతిలో ఎఫ్ఐఆర్ మాత్రమే ఉంటే యాప్‌లో ఎఫ్ఐఆర్ ద్వారా వెతికే మార్గం ఉంది. స్టేషన్ పేరు, నంబరు, సంవత్సరం ఇస్తే చాలు. ఈ యాప్‌లో బాగా పనికొచ్చే ఏర్పాట్లలో ఇదొకటి. వినియోగదారుల కమిషన్ కేసులు, తహసీల్దారు, ఆర్డీవోల రెవెన్యూ కోర్టుల కేసులు మాత్రం ఇందులో దొరకవు.

పొడి అక్షరాల భాష

కేసు నంబరు ముందుండే పొడి అక్షరాలు తెలిస్తే సగం సంగతి తెలిసినట్టే. ఓ.ఎస్. అంటే అసలు దావా. ఐ.ఏ. అంటే ఆ దావా నడుస్తుండగా మధ్యలో వేసే పిటిషన్. ఇంజంక్షన్ అడిగినా, ఆలస్యాన్ని మన్నించమన్నా, పత్రాలు అదనంగా పెట్టుకుంటామన్నా అన్నీ ఐ.ఏ.లే. ఐ.ఏ. కొట్టేశారంటే దావా పోయినట్టు కాదు. డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేయించుకునే పిటిషన్ ఇ.పి. ఎ.ఎస్. మొదటి అప్పీలు, ఎస్.ఎ. హైకోర్టులో రెండో అప్పీలు. రోడ్డు ప్రమాద పరిహారానిది ఎం.వి.ఓ.పి., గృహహింస చట్టం కిందిది డి.వి.సి., మనోవర్తిది ఎం.సి.

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది సి.సి. మేజిస్ట్రేట్ కోర్టులో సి.సి. అంటే క్యాలెండర్ కేసు, అంటే మామూలు క్రిమినల్ కేసు. అవే అక్షరాలు హైకోర్టులో కోర్టు ధిక్కార కేసుకు వాడతారు. యాప్‌లో హైకోర్టుకు మార్చి సి.సి. కింద తన చెక్ బౌన్స్ కేసు వెతికితే దొరకదు.

పి.ఆర్.సి. సంగతి ఇంకా ముఖ్యం. సెషన్స్ కోర్టు మాత్రమే విచారించాల్సిన నేరాల్లో (హత్య, హత్యాయత్నం లాంటివి) కేసు మొదట మేజిస్ట్రేట్ దగ్గర పి.ఆర్.సి. నంబరుతో ఉంటుంది. నిందితులకు పత్రాల నకళ్లిచ్చి మేజిస్ట్రేట్ దాన్ని సెషన్స్‌కు పంపుతారు. పంపిన రోజున యాప్‌లో పి.ఆర్.సి. ‘డిస్పోజ్డ్’ అవుతుంది. కేసు కొట్టేశారని ఇంట్లో ఊపిరి పీల్చుకుంటే ప్రమాదం. కేసు ఎస్.సి. (సెషన్స్ కేసు) నంబరుతో పై కోర్టులో మళ్లీ మొదలవుతుంది. అక్కడ హాజరు కాకపోతే వారెంటు వస్తుంది.

దశ పేర్లు

యాప్‌లో ‘కేస్ స్టేజ్’ అని చూపించేది తర్వాతి వాయిదాకు కేసు దేనికోసం ఉందో చెప్పే మాట. దాన్ని చదివేటప్పుడు ‘ఇప్పుడు ఎవరి వంతు?’ అని అడగాలి.

‘స్టెప్స్’ అంటే వంతు కేసు వేసినవాళ్లది. అవతలివాళ్లకు సమన్లో నోటీసో పంపడానికి మెమో, బత్తా (సమన్లు చేరవేసే ఖర్చు), కవర్లు కట్టాలి. అది కట్టక మూడు నాలుగు వాయిదాలు పోతే, కదలికే లేదన్న కారణంతో దావా కొట్టేసే అవకాశం ఉంది. యాప్‌లో వరసగా ‘స్టెప్స్’ అనే కనిపిస్తుంటే వెంటనే ప్లీడరును బత్తా కట్టారా అని అడగాలి. ‘అవెయిట్’ అయితే పంపిన సమన్లు చేరాయో లేదో తెలిసే కాగితం ఇంకా తిరిగి రాలేదన్నమాట. అడ్రసు తప్పైతే ఇక్కడే నెలలు గడుస్తాయి.

‘రిటన్ స్టేట్‌మెంట్’ అంటే వంతు ప్రతివాదిది. సమన్లు అందిన నాటి నుంచి జవాబు దావా వెయ్యడానికి 30 రోజులు, కోర్టు అనుమతిస్తే 90 దాకా. మామూలు దావాల్లో 90 దాటినా గట్టి కారణం చూపిస్తే ఖర్చులు వేసి తీసుకోవచ్చు. వాణిజ్య వివాదాల్లో మాత్రం 120 రోజులు దాటితే ఆ హక్కే పోతుంది. తర్వాత ‘ఇష్యూస్’, అంటే ఇరుపక్షాలూ దేని మీద తేడా పడుతున్నాయో జడ్జి అంశాలుగా రాసే దశ. ‘ట్రయల్’ అంటే సాక్ష్యం. పి.డబ్ల్యు. వాది పక్షం సాక్షి (క్రిమినల్‌లో ప్రాసిక్యూషన్ సాక్షి), డి.డబ్ల్యు. ప్రతివాది పక్షం సాక్షి. సివిల్ దావాల్లో చీఫ్ (సాక్షి తన పక్షాన చెప్పేది) అఫిడవిట్ రూపంలో ఇచ్చేస్తారు కాబట్టి సాక్షి బోనెక్కేది ఎక్కువగా క్రాస్ (అవతలి ప్లీడరు వేసే ప్రశ్నలు) కోసమే.

‘కాల్ ఆన్’ అని ఉంటే ప్రత్యేకమైన పనేమీ పెట్టకుండా వాయిదా వేశారని అర్థం. అయినా గైర్హాజరు కాకూడదు, ఆ రోజు కేసు పిలుస్తారు. ‘పార్ట్ హెర్డ్’ అంటే వాదనలు మొదలై మిగిలాయి. ‘జడ్జిమెంట్’ అంటే వాదనలు పూర్తయ్యాయి, తీర్పు రావాలి. ఆ తేదీ కూడా వాయిదా పడొచ్చు.

దశ పేరు దగ్గరే ఆగిపోకుండా కేస్ హిస్టరీలోని తేదీ మీద నొక్కితే ఆ రోజు జరిగినదాన్ని బెంచి క్లర్కు రెండు మూడు వాక్యాల్లో రాసింది కనిపిస్తుంది. చాలామంది ఇది ఉందనే గమనించరు. ‘వాది గైర్హాజరు, చివరి అవకాశం’ లాంటి హెచ్చరికలు దశ పేరులో రావు, ఇక్కడే వస్తాయి.

‘డిస్పోజ్డ్’ వెనక ఏముంది

యాప్ పూర్తిగా విఫలమయ్యేది ఇక్కడే. గెలుపు, ఓటమి, రాజీ, గైర్హాజరు, పై కోర్టుకు పంపడం, అన్నిటికీ ‘డిస్పోజ్డ్’ అన్న ఒకే మాట. దాని కింద చిన్నగా ‘నేచర్ ఆఫ్ డిస్పోజల్’ అని ఉంటుంది. చూడాల్సింది దాన్ని. ‘కంటెస్టెడ్’ అంటే ఇరుపక్షాలూ పోరాడాక తేలింది, ‘అన్‌కంటెస్టెడ్’ అంటే ఒక పక్షం లేకుండానో, రాజీతోనో, ఉపసంహరణతోనో ముగిసింది.

‘డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్’ కనిపిస్తే ఆ రోజే లేవాలి. పిలిచినప్పుడు వాది రాలేదని దావా కొట్టేశారన్నమాట. అందులోని న్యాయాన్యాయాలు ఎవరూ తేల్చలేదు. ప్రతివాది హాజరై ఉండగా ఇలా జరిగితే అదే కారణం మీద కొత్త దావా వెయ్యడానికి వీల్లేదు, పాతదాన్నే పునరుద్ధరించమని పిటిషన్ వెయ్యాలి. గడువు 30 రోజులు. గడువు దాటితే పునరుద్ధరణ పిటిషన్‌తో పాటు ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్, ప్రతి రోజు ఆలస్యానికీ కారణం, ఇలా పని రెట్టింపవుతుంది.

‘ఎక్స్‌పార్టీ’ రెండు చోట్ల కనిపిస్తుంది, రెండిటికీ మందు వేరు. దావా పెండింగులో ఉండగా ‘సెట్ ఎక్స్‌పార్టీ’ అంటే ప్రతివాది రానందున అతను లేకుండానే ముందుకెళుతున్నారని. డిక్రీ ఇంకా పడలేదు. తర్వాతి వాయిదాలోపే హాజరై, మంచి కారణం చూపించి ఆ ఉత్తర్వు తీసేయించుకోవచ్చు. అది చెయ్యకపోతే వచ్చేది ఎక్స్‌పార్టీ డిక్రీ. దాన్ని రద్దు చెయ్యమని డిక్రీ నాటి నుంచి 30 రోజుల్లో అడగాలి. సమన్లే సరిగ్గా అందకపోయి ఉంటే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ 30 రోజులు లెక్కవేస్తారు. యాప్‌లో పేరుతో అప్పుడప్పుడు వెతుక్కోవడం వల్ల కలిగే పెద్ద లాభం ఇదే. పొలం మీదనో ఇంటి మీదనో తనకు తెలియకుండా దావా నడుస్తుంటే డిక్రీ పడకముందే బయటపడుతుంది.

‘రిటర్న్‌డ్’, ‘రిజెక్టెడ్’ ఒకటి కావు. రిటర్న్ అంటే ఈ కోర్టుకు అధికార పరిధి లేదు, సరైన కోర్టులో వేసుకోమని దావా పత్రం తిరిగివ్వడం. రిజెక్ట్ అంటే వ్యాజ్య కారణం లేకపోవడం, కోర్టు ఫీజు కట్టకపోవడం, చట్టం అడ్డురావడం లాంటి లోపాలతో దాన్ని తిరస్కరించడం. ‘నాట్ ప్రెస్డ్’, ‘విత్‌డ్రాన్’ అంటే వేసినవాళ్లే వదులుకున్నారు. మళ్లీ వేసుకునే స్వేచ్ఛ ఇచ్చారా లేదా అన్నది ఉత్తర్వు పీడీఎఫ్‌లో చూడాలి, ఆ ఒక్క వాక్యం లేకపోతే రెండో దావా నిలవదు. లోక్ అదాలత్‌లో రాజీ అని ఉంటే అది తుది అవార్డు, అంటే డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది.

ఇక పంపకం దావాలు. అన్నదమ్ముల ఆస్తి దావాలో ‘ప్రిలిమినరీ డిక్రీ’ పడగానే యాప్‌లో కేసు ముగిసినట్టు కనబడుతుంది. నిజానికి అది ఎవరి వాటా ఎంతో చెప్పిందంతే. ఏ సర్వే నంబరులో ఏ ముక్క ఎవరిదో తేలాలంటే తుది డిక్రీ కావాలి. కోర్టు నియమించిన కమిషనర్ వచ్చి కొలవాలి, తుది డిక్రీని స్టాంపు కాగితాల మీదకు ఎక్కించాలి. ప్రాథమిక డిక్రీ తర్వాత పక్షాలు మళ్లీ పిటిషన్ వేసేదాకా ఆగకుండా కోర్టులే తుది డిక్రీ దిశగా వాయిదాలు వెయ్యాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అయినా ‘డిస్పోజ్డ్’ చూసి గెలిచామని ఇంట్లో కూర్చుంటే పొలం గట్టు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

డబ్బు డిక్రీ సంగతీ అంతే. ‘డిక్రీడ్ విత్ కాస్ట్స్’ అని చూసి సంబరపడితే చాలదు, అవతలివాళ్లు కట్టకపోతే ఇ.పి. వెయ్యాలి. దానికి 12 ఏళ్ల గడువుంది.

క్రిమినల్ మాటలు

ఎన్.బి.డబ్ల్యు. అంటే నాన్ బెయిలబుల్ వారెంటు. వాయిదాకు రాని నిందితుడి మీద పడుతుంది. పోలీసులు వచ్చేదాకా ఆగకుండా ప్లీడరుతో కోర్టుకు వెళ్లి వారెంటు రీకాల్ పిటిషన్ వేసుకోవాలి. ‘నాన్ బెయిలబుల్’ అంటే బెయిలే రాదని కాదు. బెయిలబుల్ నేరంలో బెయిలు హక్కు, నాన్ బెయిలబుల్‌లో అది కోర్టు విచక్షణ. ‘డిశ్చార్జ్’ అంటే అభియోగాలు మోపేంత సరుకు లేదని విచారణకు ముందే వదిలెయ్యడం. ‘అక్విటల్’ అంటే సాక్ష్యం విన్నాక నిర్దోషిగా తేల్చడం, దాని తర్వాత అదే నేరానికి మళ్లీ విచారించకూడదు. హైకోర్టు ఎఫ్ఐఆర్‌నో చార్జిషీటునో రద్దు చేస్తే ‘క్వాష్’. మన పత్రికల్లో ఈ మూడింటికీ ‘కేసు కొట్టివేత’ అనే రాస్తుండడం వల్ల గందరగోళం పెరుగుతోంది.

సెక్షన్ల దగ్గర 2024 జూలై 1 తేదీని గుర్తుంచుకోవాలి. ఆ రోజు నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. అంతకుముందు జరిగిన నేరానికి ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి కాబట్టి యాప్‌లో ‘యాక్ట్స్’ కింద రెండు రకాలూ కనిపిస్తూనే ఉంటాయి. మోసానికి పాత 420 ఇప్పుడు 318(4). హత్యకు పాత 302 ఇప్పుడు 103(1). భర్త, అత్తింటివారి క్రూరత్వానికి పాత 498ఎ ఇప్పుడు 85. అన్నిటికంటే తికమక 482. పాత సీఆర్పీసీలో 482 అంటే హైకోర్టులో క్వాష్ పిటిషన్, కొత్త చట్టంలో 482 అంటే ముందస్తు బెయిలు. క్వాష్ ఇప్పుడు 528 కింద వేస్తారు. ‘482 వేశాం’ అని ఎవరైనా అంటే ఏ చట్టం కిందని అడగండి. చెక్ బౌన్స్ 138 మాత్రం మారలేదు.

స్టే, కేవియట్

ఐ.ఏ. స్టేటస్‌లో ‘ఇంటరిమ్ స్టే’ అంటే కింది ఉత్తర్వు అమలు తాత్కాలికంగా ఆగింది. ‘స్టేటస్ కో’ అంటే ఆ రోజున ఎవరు ఎక్కడున్నారో అక్కడే, యథాతథ స్థితి. ‘తదుపరి వాయిదా వరకు’ అని ఇచ్చిన ఉత్తర్వు ఆ రోజు పొడిగించారో లేదో హిస్టరీలో చూసుకోవాలి. ఆరు నెలలకు స్టే దానంతటదే పోతుందని సుప్రీంకోర్టు 2018 తీర్పు ఆధారంగా ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. 2024 ఫిబ్రవరి 29న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ నియమాన్ని తోసిపుచ్చింది.

కేవియట్ వేస్తే అవతలివాళ్లు కేసే వెయ్యలేరనేది అపోహ. మనకు చెప్పకుండా మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొద్దని ముందుగా అడగడమే అది. 90 రోజులే పనిచేస్తుంది, తర్వాత మళ్లీ వేసుకోవాలి. యాప్‌లో కేవియట్ వెతికే ఏర్పాటుంది, ఎవరూ పెద్దగా వాడరు గానీ ఉపయోగకరమే.

యాప్‌లోని ఉత్తర్వు, చేతిలోని నకలు

యాప్‌లోంచి దించుకున్న తీర్పు చదువుకోవడానికే. అప్పీలుకు సర్టిఫైడ్ కాపీ కావాలి. జిల్లా కోర్టులో అప్పీలుకు 30 రోజులు, హైకోర్టులో సివిల్ అప్పీలుకు 90 రోజులు. నకలు తయారీకి పట్టిన కాలం ఈ లెక్కలోంచి మినహాయిస్తారు. అందుకే తీర్పు రోజునే కాపీ అప్లికేషన్ పెట్టాలి. స్టాంపులు పిలిచిన తేదీ (నకలుకు స్టాంపులు కట్టమని కోర్టు కార్యాలయం అడిగిన రోజు) చూసుకుని గడువులోపు కట్టాలి, కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు, మినహాయింపు కూడా తగ్గిపోతుంది. నకలు మీద వేసే ఆ తేదీల ముద్రే అప్పీలు గడువుకు సాక్ష్యం.

యాప్‌లో ఇంకో రెండు లోపాలున్నాయి. వివరాలు ఎక్కించేది కోర్టు సిబ్బంది కాబట్టి ఒక్కోసారి సాయంత్రానికి కూడా కొత్త తేదీ రాదు, వచ్చిన తేదీ మారనూ మారుతుంది. వాయిదాకు ముందు రోజు కాజ్ లిస్ట్‌లో (ఆ రోజు పిలిచే కేసుల జాబితా) కూడా చూసుకోవాలి. యాప్‌లో తేదీ తప్పు పడిందని చెప్పినా గైర్హాజరును కోర్టు మన్నించి తీరుతుందన్న హామీ లేదు. రెండోది, ‘మై కేసెస్’లో దాచుకున్న జాబితా మన ఫోన్‌లోనే ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ చేసి దాచకుండా ఫోన్ మారిస్తే మళ్లీ ఒక్కొక్కటీ ఎక్కించుకోవాల్సిందే. తెరిచిన ప్రతిసారీ రిఫ్రెష్ కూడా చెయ్యాలి, లేకపోతే పాత తేదీయే కనిపిస్తుంది.

ఏదైనా మాట అర్థం కాక, అడగడానికి ప్లీడరు లేకపోతే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చెయ్యొచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాది హక్కు ఉంది.

తేదీలు, ఉత్తర్వులు అందించడంలో ఈ యాప్‌కు ఐదుకు నాలుగు ఇవ్వొచ్చు. మాటలు అర్థమయ్యేలా చెప్పడంలో ఒకటి. ఈకోర్ట్స్ మూడో దశకు కేంద్రం 2023లో 7,210 కోట్లు కేటాయించింది. ‘డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్’ మీద వేలు పెడితే ‘వాది రానందున కొట్టేశారు, పునరుద్ధరణకు 30 రోజులు’ అని తెలుగులో ఒక్క వాక్యం చూపించడానికి అందులో వెయ్యో వంతు కూడా అక్కర్లేదు.